చదును కాని పట్టా

మా తాతకు 1976లో ప్రభుత్వం మూడెకరాల లావణి పట్టా ఇచ్చింది. ఆ కాగితం ఇప్పటికీ మా ఇంట్లో రేకు పెట్టెలో భద్రంగా ఉంది. అందులో సర్వే నంబరు ఉంది. ఎకరాలు, గుంటలు ఉన్నాయి. నాలుగు దిక్కుల హద్దులు, శిస్తు, షరతులు ఉన్నాయి. ఆ నేల ఎటు వాలి ఉందో మాత్రం లేదు. భూపంపిణీ మీదే డాక్టరేట్ చేసిన నాకు ఆ లోపం ఎంతటిదో తెలియడానికి ఇరవై ఏళ్లు పట్టింది. పదో తరగతితో చదువు ఆపిన మా చిన్నాయన కొడుకు పాత ఇనుముతో ట్రాక్టరుకు ఒక బ్లేడు తయారుచేస్తుంటే, పక్కన నిలబడి చూసిన తర్వాతే అది నాకు బోధపడింది.

మాది పాలమూరులో ఎర్ర చెల్కల ఊరు. ఊరికి దిగువన చెరువు, దాని కింద తరి పొలాలు, ఊరి చుట్టూ ఖుష్కీ భూములు, అవి దాటాక గుట్ట వాలున బంచరాయి. ఈ క్రమమే మా ఊరి కుల క్రమం కూడా. చెరువు నీళ్లు పారే నేల ఎవరిదో, మేకలు మేసే గుట్ట వాలు ఎవరికి దక్కిందో చెప్పడానికి గ్రామ పటం చాలు, జనాభా లెక్కలు అక్కర్లేదు. 1973లో భూపరిమితి చట్టం వచ్చింది. 1975 జూలైలో ప్రకటించిన ఇరవై సూత్రాల కార్యక్రమంలో భూపంపిణీ ఒక సూత్రం అయింది. ఊరూరా పట్టాలు పంచారు. ఎవరూ దున్నని నేలను, దున్నడానికి పనికిరాదని వదిలేసిన నేలను, ఎక్కువగా దళితులకు పంచారు. మా తాతకు వచ్చింది అలాంటి గుట్ట వాలే. పట్టా షరతుల్లో ఒకటి ఇలా ఉంది: మూడేళ్లలోగా భూమిని సాగులోకి తేవాలి. లేకపోతే ప్రభుత్వం తిరిగి తీసుకోవచ్చు. రాళ్లు తేలిన వాలు నేలను, ఎడ్లు కూడా లేని మనిషికి ఇచ్చి, మూడేళ్ల గడువు పెట్టిన న్యాయం అది.

మా అమ్మ, చిన్నమ్మ ఆ చేలో రాళ్లు ఏరి ఒడ్డున పేర్చారు. వానకాలంలో ఆముదం, జొన్న వేశారు. వాన బలంగా కురిస్తే పై మట్టి కొట్టుకుపోయేది. కురవకపోతే పంట ఎండిపోయేది. మిగిలిన కాలమంతా మా నాయిన గుంపు మేస్త్రీ వెంట మట్టి పనికి వలస పోయాడు. దేశంలో ఆనకట్టలు, కాలువలు కట్టిన చోటల్లా పాలమూరు కూలీల తట్టలు కనిపిస్తాయి. మా నాయిన శ్రీశైలం ప్రాజెక్టు పనిలో మట్టి మోశాడు. ఊళ్లో తన చేను మట్టి మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

కొన్నేళ్ల కిందట కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు మా ప్రాంతానికి వచ్చాయి. శ్రీశైలం జలాశయం వెనుక, కొల్లాపూర్ దగ్గర ఎల్లూరులో కృష్ణ నీటిని తోడి, జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టు దాకా మూడు అంచెల్లో ఎత్తి పంపే పథకం అది. మా నాయిన మట్టి మోసిన జలాశయం నీరే మా చేను పై మూల పక్కగా పిల్లకాలువలో పారింది. ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు. తూము తెరిచి చూస్తే అసలు సంగతి బయటపడింది. చేను పై భాగాన ఏనుగు వీపులాంటి ఒక దిబ్బ ఉంది. నీళ్లు దానికి అటూ ఇటూ చీలి, వాలు వెంట జారి, కింది మూలకు చేరి నిలిచాయి. కింది అర ఎకరంలో వేళ్లు కుళ్లాయి. పైన పైరు ఎండింది. నడుమ మట్టి కోసుకుపోయి వాగులు తేలింది. మూడు అంచెల్లో కృష్ణమ్మను గుట్టలెక్కించిన రాజ్యం దళితుని చేలోని ఒక అడుగు దిబ్బను దించలేకపోయింది. నేను చెప్పదలచుకున్న మాట ఇంతే. దళితులకు భూమి ఇచ్చామని ప్రభుత్వాలు అంటున్నాయి. ఇవ్వలేదని మనం అంటున్నాం. ఇచ్చిన భూమి నీరు నిలిచే భూమేనా అన్న ప్రశ్న ఇద్దరమూ అడగలేదు.

చదును చేయడమంటే ఏమిటో ఒక లెక్క చూద్దాం. మాచేత మా తమ్ముడే ఆ లెక్క వేయించాడు. మేస్త్రీలు గోడ మట్టం చూసే పారదర్శకమైన నీటి గొట్టం ఒకటి తెచ్చి, కర్రలు పాతి, చేను నలుమూలలా మట్టం తీశాడు. పై ఒడ్డుకూ కింది ఒడ్డుకూ మూడున్నర అడుగుల తేడా వచ్చింది. మూడు మడులుగా విడగొట్టి నడుమ ఒడ్లు వేస్తే ఒక్కో మడిలో అడుగుకు కొంచెం పైగా తేడా మిగులుతుంది. మడి పై సగంలో మట్టి తీసి కింది సగంలో వేయాలి. ఎకరం అంటే 4047 చదరపు మీటర్లు. అందులో సగం విస్తీర్ణంలో సగటున 10 సెంటీమీటర్ల మందం మట్టి కదిలించినా అది 200 ఘనపు మీటర్లు, బరువులో దాదాపు 300 టన్నులు. ఒక మనిషి రోజుకు రెండు ఘనపు మీటర్లు తవ్వి మోస్తాడనుకుంటే ఎకరానికి 100 పనిదినాలు కావాలి. మూడెకరాలకు 300.

2005 నాటి ఉపాధి హామీ చట్టం దళిత, గిరిజనుల సొంత భూముల అభివృద్ధికి వీలు కల్పించింది. అది చిన్న విషయం కాదు. మా ఊళ్లో రాళ్ల ఏరివేత, ఒడ్ల పని ఆ పథకం కిందే జరిగాయి. కానీ కూలీల పనిని హరించే యంత్రాలను ఆ చట్టం దూరంగా ఉంచింది. ఆ ఉద్దేశంలో న్యాయం ఉంది. అయితే ఆ చట్టం కుటుంబానికి ఏడాదికి హామీ ఇచ్చిన పని 100 రోజులు. అంటే మా మూడెకరాలు చేత్తో చదును కావాలంటే మూడు కుటుంబాలు తమ ఏడాది పని దినాలన్నీ ధారపోయాల్సి వచ్చేది. మొరం తేలిన నేలలో, ఎండాకాలంలో, కొలతకు తగ్గ కూలీకి ఆ పని ఎవరూ పూర్తి చేయలేరు. చేయలేదు కూడా.

మిగిలింది యంత్రం. గంట లెక్కన కిరాయి తీసుకునే జేసీబీ తవ్వి పోస్తుంది గానీ పలుచగా గీకి సమం చేయదు. దానికి ట్రాక్టర్ బ్లేడు కావాలి. మా ఊళ్లో అలాంటిది ఒకరికే ఉండేది. ఆయన భూస్వామి, ఆధిపత్య కులస్థుడు. ఆయన మా వాళ్లను ఏనాడూ తిట్టలేదు, కాదనలేదు. "మావోళ్ల చేన్లు అయిపోనీ, తర్వాత నీదే" అనేవాడు. యాసంగి కోత అయ్యాక, తొలకరి పడకముందు, నేల పొడిగా ఉండే ఆరేడు వారాలే చదునుకు అదను. ఆయన వాళ్లవి అయ్యేసరికి జూన్ వచ్చేది. మట్టి తడిసేది. అలా మూడేళ్లు గడిచాయి. కులం ఇవాళ చాలా చోట్ల ఇలాగే పనిచేస్తుంది. లేదని చెప్పదు. అదను దాటాక ఉందని చెబుతుంది.

నాలుగో ఏడు మా తమ్ముడు ఇక అడగలేదు. అతని దగ్గర అప్పు చేసి కొన్న ఒక పాత ట్రాక్టర్ ఉంది. "అన్నా, బ్లేడంటే ఏముంది, వంగిన రేకు, దానికొక అంచు, ఎన్క నుంచి పట్టుకునే చట్రం. మనమే చేసుకుందాం" అన్నాడు ఫోనులో. నేను వేసవి సెలవుల్లో ఊరికి వెళ్లాను.

ట్రాక్టర్ వెనుక మూడు చోట్ల పనిముట్టును పట్టుకునే అమరికను ఐర్లండ్‌కు చెందిన హ్యారీ ఫెర్గూసన్ గత శతాబ్దం తొలి సగంలో రూపొందించాడు. కింద రెండు చేతులు, పైన ఒక కడ్డీ. నేడు ప్రపంచమంతటా ట్రాక్టర్లు అనుసరించేది ఆ సూత్రాన్నే. దాని కొలతలు ప్రామాణికం కాబట్టి ఏ ఊరి వెల్డింగ్ దుకాణంలోనైనా ఏ ట్రాక్టరుకైనా పనిముట్టు చేయవచ్చు. మా తమ్ముడు జడ్చర్లలో పాత ఇనుప సామాన్ల అంగడికి వెళ్లి, మూతపడిన ఒక బియ్యం మిల్లు బాయిలర్ రేకు తెచ్చాడు. ఎనిమిది మిల్లీమీటర్ల మందం, సహజంగానే వంపు తిరిగి ఉంది. ఆరడుగుల పొడవు, అడుగున్నర ఎత్తు కోసుకున్నాడు. ఆ వంపు లేకపోతే మట్టి రేకు ముందు గోడలా పేరుకుని ట్రాక్టర్‌ను ఆపుతుంది. వంపు ఉంటే మట్టి పైకి లేచి, చుట్ట చుట్టుకుని, ముందుకు దొర్లుతుంది. చట్రానికి పాత లారీ ఛాసిస్ కమ్మీలు వాడాడు. చట్రానికీ రేకుకూ నడుమ రెండు గుండ్రటి పలకలు పెట్టి, వాటికి చుట్టూ రంధ్రాలు వేసి, మేకు మార్చితే బ్లేడు నేరుగానో ఏటవాలుగానో నిలబడేలా చేశాడు. నేరుగా ఉంటే మట్టిని ఈడ్చుకెళ్తుంది. ఏటవాలుగా ఉంటే పక్కకు తోస్తుంది. ఒడ్డు వేయడానికి అదే పనికొస్తుంది.

నేలను కోసే అంచుకు లారీ కమాన్ కట్టలోని ఉక్కు పట్టీ తీసుకున్నాడు. దాన్ని రేకుకు వెల్డింగ్ చేశాడు. రెండో రోజే ఒక రాయి తగిలి అతుకు పక్కన టప్పున పగిలింది. మళ్లీ అతికాడు, మళ్లీ పగిలింది. వెల్డింగ్ నేర్చిన వాడికి ఆ ఉక్కు స్వభావం తెలియదు. అప్పుడు మేం ఊరి కమ్మరి పెద్దాయన దగ్గరికి పోయాం. డెబ్బై ఏళ్లు దాటాయి. నాగళ్లు పోయి ట్రాక్టర్లు వచ్చాక ఆయన కొలిమికి పని లేదు. కొడుకులు హైదరాబాదులో గ్రిల్లుల పని చేస్తున్నారు. పట్టీని చేతిలోకి తీసుకుని, విరిగిన చోట మెరుపు చూసి, "ఇది కమాను ఉక్కు. ఎర్రగ కాల్చి గబుక్కున చల్లారిస్తె గాజు లెక్క అయితది. దీన్ని అతుకద్దు, బోల్టులు కొట్టాలె" అన్నాడు.

కమాను ఉక్కుకు రంధ్రం పడదు, డ్రిల్లు మొద్దుబారుతుంది. ఆయన కొలిమి వెలిగించాడు. పట్టీని ఎర్రగా కాల్చి బూడిదలో పూడ్చి ఒక రాత్రంతా ఉంచాడు. నెమ్మదిగా చల్లారిన ఉక్కు మెత్తబడుతుంది. పొద్దున ఎనిమిది రంధ్రాలు వేశారు. తర్వాత మళ్లీ కాల్చి నూనెలో ముంచి, తిరిగి కొద్దిగా వేడిచేసి, రంగు చూస్తూ పదును నిలబెట్టాడు. ఏ రంగు దగ్గర ఆపాలో ఆయనకు తెలుసు. లోహశాస్త్రం పుస్తకాల్లో దీనికి పేర్లున్నాయి, ఉష్ణోగ్రతల పట్టికలున్నాయి. ఆయన దగ్గర కళ్లున్నాయి. రెండు అంచులూ సమానంగా ఉంచమన్నదీ ఆయనే. ఒకవైపు అరిగితే విప్పి తిప్పి బిగించుకోవచ్చు.

కొలిమికి ఇప్పుడు కరెంటు పంకా గాలి కొడుతోంది. పై వాసానికి ఒక తోలు తిత్తి వేలాడుతూ కనిపించింది. గుమ్మం దగ్గరే నిలబడిన నన్ను చూసి పెద్దాయన, "మీ తాత కుట్టిన తిత్తి సారూ అది. లోపటికి రాండ్రి" అన్నాడు. ఆ రెండు వాక్యాలనూ నేను చాలా రోజులు మరిచిపోలేకపోయాను. మేం మాదిగలం. తోలు లేకుండా తిత్తి లేదు, తిత్తి లేకుండా కొలిమి లేదు, కొలిమి లేకుండా నాగలి కర్రు లేదు. కర్రు లేకుండా ఆ ఊరికి తిండి లేదు. మా తాత కుట్టిన తిత్తి కొలిమి లోపల ఉండేది. మా తాత బయట ఉండేవాడు. కర్రు పదును పెట్టించుకోవాలంటే వాకిట్లో కింద పెట్టి దూరం జరగాలి. కమ్మరికీ మాదిగకూ నడుమ ఉన్నది పనుల తేడా మాత్రమే అయితే వాళ్లిద్దరూ కలిసి ఈ నేల మీద ఎన్ని యంత్రాలు చేసి ఉండేవారో! కులం శ్రమను విభజించడంతో ఆగదని, శ్రామికులనే ఒకరి నుంచి ఒకరిని వేరుచేసి మెట్ల మీద నిలబెడుతుందని అంబేడ్కర్ 1936లోనే వాదించారు. విశ్వవిద్యాలయంలో ఏటా ఆ పాఠం చెబుతాను. దాని ఖరీదు ఎంతో ఆ కొలిమి గుమ్మంలో లెక్కకు వచ్చింది. ఉక్కు తెలిసిన వాడూ తోలు తెలిసిన వాడూ ఒక కప్పు కింద కూర్చుని ఆలోచించే అవకాశం తరతరాలుగా లేకుండా పోయింది. ఆ లోటు ఆ రెండు కులాలకే పరిమితం కాదు, దాన్ని దేశమంతా మోసింది.

బ్లేడు బిగించి చేలో దింపాం. మొదటి రోజు పని చూస్తే నిరాశే మిగిలింది. చదును కావాల్సిన నేల అలలు అలలుగా తయారైంది. కారణం కనిపెట్టడానికి మరో రోజు పట్టింది. బ్లేడు ట్రాక్టర్ వెనుక ఉంటుంది. ట్రాక్టర్ చక్రం గుంటలో దిగితే బ్లేడూ దిగి గుంటను ఇంకా లోతు చేస్తుంది. చక్రం మిట్ట ఎక్కితే బ్లేడూ లేచి మిట్టను వదిలేస్తుంది. అంటే నేల ఎలా ఉందో అలాగే ఇంకోసారి అచ్చు వేస్తుంది. రోడ్లు వేసే పెద్ద గ్రేడర్‌లో బ్లేడు ముందు చక్రాలకూ వెనుక చక్రాలకూ నడుమ ఉండేది ఇందుకే. పొడవైన ఆ దేహం ఎగుడుదిగుళ్లను సగటు చేస్తుంది. తమ్ముడు చట్రాన్ని వెనక్కి ఐదడుగులు పొడిగించి, పాత ఆటో ట్రాలీ చక్రాలు రెండు తగిలించాడు. వాటి ఎత్తు మార్చడానికి లారీ జాకీ మర ఒకటి పెట్టాడు. ఇప్పుడు బ్లేడు ట్రాక్టర్ చక్రాలకూ ఈ చిన్న చక్రాలకూ నడుమ వచ్చింది. అలలు తగ్గాయి.

మరొక సమస్య బరువు. గట్టి నేల మీద బ్లేడు దిగదు, జారిపోతుంది. పల్లెల్లో దీనికి అందరూ చేసే పని ఒకటుంది. బ్లేడు మీద ఒక కూలీ పిల్లవాణ్ని నిలబెడతారు. ఆ పిల్లవాడు ఏ కులం వాడై ఉంటాడో చెప్పనక్కర్లేదు. కాలు జారితే పడేది అంచు ముందే. తమ్ముడు ఆ మాటే రానివ్వలేదు. బ్లేడు వెనుక ఒక ఇనుప పెట్టె అతికి, మా అమ్మ, చిన్నమ్మ ఏరి ఒడ్డున పేర్చిన రాళ్లనే అందులో నింపాడు. బరువు సరిపోయింది. ఒక యంత్రంలో నీతి ఎక్కడ ఉంటుందని నన్నెవరైనా అడిగితే ఆ రాళ్ల పెట్టెను చూపిస్తాను.

మట్టిలో కూడా ఒక న్యాయం ఉంది. చెల్కలో సారమంతా పై అర అడుగులోనే ఉంటుంది. దాని కింద మొరం. మిట్టను గుడ్డిగా గీకి గుంటలో వేస్తే మంచి మట్టి పూడిపోయి మొరం పైకి తేలుతుంది. నేల చదునవుతుంది, పంట పండదు. అందుకే ముందు పై మట్టిని గీకి ఒడ్డు పొడవునా కుప్ప పోసి, అడుగు నేలను సమం చేసి, మళ్లీ పై మట్టిని పరిచాడు. పని రెట్టింపు, డీజిల్ రెట్టింపు. పొద్దున్నే నీటి గొట్టంతో మట్టం చూడటం, పగలంతా గీకడం, సాయంత్రం మళ్లీ చూడటం. మూడెకరాలకు పదిహేడు రోజులు పట్టింది. తొలకరికి జనుము చల్లి, పూతకు ముందు దున్నేశారు. ఆ వానకాలం తూము తెరిస్తే నీళ్లు మడి అంతా పరుచుకుని నిలిచాయి. మా నాయిన ఒడ్డు మీద కూర్చుని చాలాసేపు చూశాడు. ఏమీ అనలేదు.

తర్వాతి వేసవిలో గుట్ట వాలు పట్టాదారులంతా మా తమ్ముడి దగ్గరికి వచ్చారు. అతను ఒక నోటు పుస్తకం పెట్టి, అడిగిన వరుసలో పేర్లు రాసుకున్నాడు. డీజిల్ ఖర్చు, దాని మీద చిన్న కిరాయి. ఒకనాడు ఆ పాత బ్లేడు యజమాని కూడా కబురు పంపాడు. ఆయన బ్లేడు మరమ్మతులో ఉందట. తమ్ముడు ఆయన పేరు కూడా వరుసలోనే రాశాడు. ముందుకూ జరపలేదు, వెనక్కూ నెట్టలేదు. సమానత్వం గురించి నేను రాసిన వ్యాసాలన్నింటికంటే ఆ పుస్తకంలోని వరుస స్పష్టంగా ఉంది.

ఆ ఉత్సాహంలో మేం వ్యవసాయ యంత్రాల రాయితీ కోసం ఒక కార్యాలయానికి వెళ్లాం. ఇంకో రెండు బ్లేడ్లు చేసి దళిత రైతుల సంఘానికి ఇవ్వాలన్నది ఆలోచన. కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యాంత్రీకరణ పథకంలో దళిత, గిరిజన, సన్నకారు, మహిళా రైతులకు 50 శాతం దాకా, ఇతరులకు 40 శాతం దాకా రాయితీ ఉంది. కానీ యంత్రానికి అధీకృత పరీక్షా కేంద్రం ధ్రువపత్రం ఉండాలి. "కంపెనీ పేరేమిటి?" అని అధికారి అడిగారు. కంపెనీ లేదన్నాం. "ఎవరు డిజైన్ చేశారు?" అన్నారు. తమ్ముడు తన పేరూ కమ్మరి పెద్దాయన పేరూ చెప్పాడు. అధికారి మర్యాదస్థుడే. నవ్వి, కాగితాలు వెనక్కి ఇచ్చారు.

పరీక్ష అక్కర్లేదని నేను అనను. నాసిరకం యంత్రం ప్రాణాలు తీస్తుంది. మన అనంతపురం జిల్లా గార్లదిన్నెలోనే అలాంటి కేంద్ర సంస్థ ఉంది. అది చేసే పని అవసరమైనది. కానీ ఆ గుమ్మం దాకా చేరే దారి కంపెనీలకే తెలుసు. కమ్మరికి, మాదిగకు, వెల్డింగ్ పిల్లవాడికి తెలియదు. పట్టణంలో ఇంజనీరు చేస్తే ఆవిష్కరణ, పల్లెలో కులవృత్తిదారు చేస్తే చేతకొద్దీ అతుకు. ఆలేరు ప్రాంతపు చేనేత బిడ్డ చింతకింది మల్లేశం తల్లి చేతి నొప్పి చూడలేక ఆసు యంత్రం చేశారు. ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది. మనమంతా గర్వించాం. ఒక మల్లేశంను గౌరవించడం సులువు. మల్లేశంలు పుట్టే కొలిములకు, మగ్గాలకు, వెల్డింగ్ దుకాణాలకు హక్కుగా దారి వేయడమే కష్టమైన పని.

ఇక నా సంగతి. నా పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథంలో పదుల కొద్దీ పట్టికలున్నాయి. గ్రామం, కులం, పంచిన ఎకరాలు, స్వాధీనంలో ఉన్నవి, అన్యాక్రాంతమైనవి. నేల వాలు అనే గడి ఒక్క పట్టికలోనూ లేదు. మా సొంత చేనే నా పరిశోధన గ్రామంలో ఉన్నా, దాని మీద నడిచినా, అది నాకు ఎకరాల అంకెగానే కనిపించింది. ఇది నా ఒక్కడి గుడ్డితనం అనుకోను. 1977లో అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం వచ్చింది. 2004లో ఏర్పడిన కోనేరు రంగారావు కమిటీ 104 సిఫార్సులు చేసింది. హక్కు, స్వాధీనం, రికార్డుల మీద విలువైన కృషి అది. 2011లో ఇందిర జలప్రభ పేరుతో దళిత, గిరిజన భూముల్లో బోర్లు వేయాలని తలపెట్టారు. 2014లో తెలంగాణలో మూడెకరాల పథకం మొదలైంది. కాగితం గురించి మాట్లాడాం, నీటి గురించి మాట్లాడాం. కాగితానికీ నీటికీ నడుమ ఉన్న మట్టి గురించి మాట్లాడటం తక్కువ.

చదును కాని నేల ఊరికే పడి ఉండదు. పండని చేను కౌలుకు పోతుంది. కౌలుకు పోయిన చేను అప్పుకు పోతుంది. అప్పుకు పోయిన చేను తెల్లకాగితం మీద అమ్ముడుపోతుంది. అప్పుడు, ఇచ్చినా నిలబెట్టుకోలేకపోయారని లోకం అంటుంది. అన్యాక్రాంతానికి కారణాలు వెతికే మనం తాగుడు, అవసరం, మోసం అని రాస్తాం. పై సగానికి నీళ్లెక్కలేదని రాయం. బ్లేడుతో కులం చదునవుతుందని నేను అనడం లేదు. చదునైన నేల మీద ఇప్పుడు కన్నుపడే వాళ్లు మరింత పెరుగుతారు. 1977 చట్టం అవసరం తగ్గలేదు, పెరిగింది. కానీ పంట పండించే పట్టాదారు తన హక్కు కోసం నిలబడినంతగా, బీడు పట్టాదారు నిలబడలేడు.

అందుకే కొన్ని నిర్దిష్టమైన పనులు అడుగుతున్నాను. దళితులకు ఇచ్చిన ప్రతి అసైన్డ్ కమతానికీ వాలు, మట్టి లోతు, నీటి దారి నమోదు చేయాలి. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన ఉప ప్రణాళిక చట్టం, 2017లో తెలంగాణలో వచ్చిన ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం మన చేతిలో ఉన్నాయి. ఆ నిధుల్లో భూమి చదునుకు విడిగా కేటాయింపు ఉండాలి. ఎత్తిపోతల పథకాల లెక్కలో చివరి తూముతో ఆగకుండా, ఆ తూము కింది దళిత కమతాల చదును ఖర్చునూ ప్రాజెక్టు ఖర్చుగా చూపాలి. దళిత రైతు సంఘాలకు చదును యంత్రాలు ఉమ్మడి ఆస్తిగా ఇవ్వాలి. వాటి వంతు పుస్తకం గ్రామసభలో పెట్టాలి. వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాలలు, పాలిటెక్నిక్‌లు ఏటా కొన్ని రోజులు ఊరి వృత్తిదారులకు తలుపులు తెరిచి, వాళ్లు చేసిన పనిముట్లను ఉచితంగా పరీక్షించి, లోపాలుంటే దిద్ది, వాళ్ల పేరు మీదే ధ్రువపత్రం ఇవ్వాలి. ఇవేవీ పెద్ద విప్లవాలు కావు. సగంలో ఆగిన భూసంస్కరణలో మిగిలిన సగం పనులు.

మా చేను ఈశాన్య మూలన మూడు గుంటల మేర రాతి బండ ఉంది. దానికి బ్లేడు చాలదు. ఈ వేసవిలో దాని చుట్టూ రాతి కట్ట వేసి, వాన నీళ్లు నిలిపే కుంట చేయాలని తమ్ముడి ఆలోచన. కమ్మరి పెద్దాయన ఉలులకు పదును పెట్టిస్తానన్నాడట. "ఈసారి నువ్వు కూడా గడ్డపార పట్టాలె అన్నా, చూసి రాసుడు కాదు" అని మొన్న ఫోనులో అన్నాడు. వెళ్లాలి.